కుక్క చెవిలో పిడుదవ్వ

ఒకప్పుడు కుక్కకి బూడిదంటే అసహ్యం. పొయ్యి దరిదాపులకి కూడా వచ్చేది కాదు. ఇంకో సంగతి, ఎవర్నీ తల ముట్టుకోనిచ్చేది కాదు. చెవులు నిమురుదామని చెయ్యి చాపితే చాలు, రెండడుగులు వెనక్కి వేసి మొహం తిప్పుకునేది. ఇప్పుడు మన వీధి కుక్కని చూస్తే ఈ మాట నమ్మబుద్ధి కాదు. నమ్మకపోతే మీ ఇష్టం. కథ మాత్రం చివరిదాకా వినాల్సిందే, మధ్యలో లేచి వెళ్ళకూడదు.

అప్పట్లో కుక్క ఒంటి మీద ఒక్క పురుగు ఉండేది కాదు. పిడుదులు తెలుసుగా? కొన్ని ఊళ్ళలో గోమార్లు అంటారు. కుక్కల చెవుల్లో సెనగగింజల్లా వేలాడుతూ ఉంటాయి, అవే. ఆ రోజుల్లో అవి గడ్డిపోచల చివర కూర్చుని, గాలికి ఊగుతూ, పొద్దున్నే ఇంత మంచు తాగి బతికేవి. మంచుతో ఎవరి కడుపు నిండుతుంది? అందుకే అన్నీ ఉల్లిపొట్టులా పల్చగా ఉండేవి. కాళ్ళు మాత్రం ఎనిమిది.

ఆ కాలంలో గట్టయ్య, ఈదమ్మ అని గొర్రెలు కాచుకునే ముసలి మొగుడూ పెళ్ళాం ఉండేవారు. వాళ్ళకి నూటపాతిక గొర్రెలు, ఒక కుక్క. ఎర్రగా నిగనిగలాడే కుక్క కాబట్టి ఎర్రోడు అని పిలిచేవారు. వాళ్ళకి ఇల్లంటూ లేదు. ఈ చేలో నాలుగు రోజులు, ఆ చేలో నాలుగు రోజులు మంద నిలిపేవారు. గొర్రెలు పడుకున్న చేలో ఎరువు పడేది, ఆ చేను గల రైతు గింజలిచ్చేవాడు. ఈదమ్మ మూడు రాళ్ళు పెట్టి, పుల్లలు ఎగదోసి, ఆ గింజలతో జొన్నగటక వండేది. గట్టయ్యకింత, తనకింత, ఎర్రోడికింత.

గొర్రెలు కాచేవాళ్ళకి గొంగళే ఇల్లు. కింద పరిస్తే పక్క, మీద వేసుకుంటే దుప్పటి, వానొస్తే గొడుగు. ఆ గొంగళికి ఒక పద్ధతి ఉంది. దారిన పోయేవాడెవడైనా వచ్చి దాని మీద కూర్చున్నాడా, ఇక వాడు చుట్టమే. చుట్టాన్ని లెమ్మనకూడదు. వాడంతట వాడు లేవాలి. అంతేకాదు, చుట్టం వల్ల ఎంత ఇబ్బంది పడినా ఆ మాట ఇంకొకరి చెవిన వేయకూడదు. గట్టయ్య తాత ముత్తాతలనుంచి అదే పద్ధతి.

ఒకసారి డోలు వాయించేవాడొకడు వచ్చి గట్టయ్య గొంగళి మీద పదకొండు రోజులు కూర్చున్నాడు. పదకొండు రోజులూ గటక తిన్నాడు, డోలు వాయించాడు. గట్టయ్య కటిక నేల మీద పడుకుని, జలుబు చేసి, ముక్కు ఎర్రగా చేసుకున్నాడే కానీ లెమ్మని ఒక్క మాట అనలేదు. పన్నెండో రోజున వాడే విసుగొచ్చి లేచిపోయాడు. ఆ రోజు గట్టయ్య మీసం మెలేసుకుంటూ తిరిగాడు, అంత గొప్ప పని చేసినట్టు.

ఇదంతా ఎర్రోడు చూశాడు. చూసి ఊరుకోవచ్చు కదా! నాకూ ఒక గొంగళి ఉంది గదా, అనుకున్నాడు. తన ఒంటి మీది బొచ్చన్నమాట. ఇంత మెత్తటి గొంగళి పెట్టుకుని ఇంతవరకు ఒక్క చుట్టమూ రాలేదే అని వాడికి లోలోపల దిగులు పట్టుకుంది. ఏరికోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ఎండలు ముదిరాయి. గడ్డి ఎండిపోయింది. పొద్దున మంచు పడడం మానేసింది. ఒకరోజు ఎర్రోడు మంద చుట్టూ తిరుగుతుంటే ఒక గడ్డిపోచ మీదనుంచి సన్నగా ఎవరో పిలిచారు. చూస్తే ముసలి పిడుదు. ఎండకి ఒళ్ళు ముడుచుకుపోయి, నిలబడే ఓపిక కూడా లేనట్టుంది.

"నాయనా, నాలుగు రోజులైంది గుక్కెడు మంచు తాగి. ఈ ఒక్కపూట నీ గొంగళి మీద కూర్చోనా?" అంది.

ఎర్రోడి సంతోషం చెప్పనలవి కాదు. కూర్చో అవ్వా, అదెంత మాట, అని గడ్డిపోచ పక్కకి ఒళ్ళు ఆనించి నిలబడ్డాడు. పిడుదవ్వ మెల్లగా ఎక్కింది. ఆ రోజంతా ఎర్రోడు నడక మార్చేశాడు. పైన చుట్టం ఉంది కదా, కుదుపు తగలకూడదని పెళ్ళికూతురిలా నడిచాడు.

ఒక్కపూట అయింది. పిడుదవ్వ లేవలేదు. మూడోనాటికి ఉల్లిపొట్టు పోయి సెనగగింజయింది. నీ మెడ దగ్గర చోటు బాగుంది నాయనా, మా చెల్లెలు చూస్తే ముచ్చటపడుతుంది, అంది. చెల్లెలు వచ్చింది. చెల్లెలితో దాని కూతుళ్ళు, అల్లుళ్ళు, అల్లుళ్ళ తరఫు వాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళంతా కాళ్ళు కడుక్కోకుండానే భోజనానికి కూర్చున్నారు. ఏం తిన్నారో వేరే చెప్పాలా? ఎర్రోడి రక్తమే.

తర్వాత పురుళ్ళు మొదలయ్యాయి. ఒక్కో పురుడికి వందా, రెండొందలు పిల్లలు. పురిటివాళ్ళని లెమ్మంటారా ఎవరైనా? ఆ పిల్లలకి ఆట కావాలని నువ్వుగింజంత నల్లపురుగుల్ని కూడా పిలిపించారు. అవి నడవవు, గెంతుతాయి. ఎర్రోడి వీపు మీద తెల్లవార్లూ గెంతులే గెంతులు.

మొదట్లో ఎర్రోడు గోక్కోలేదు. చుట్టాలు తింటున్నప్పుడు పళ్ళెం లాగినట్టుంటుందని ఓర్చుకున్నాడు. ఎంతకని ఓరుస్తాడు పాపం? ఒకరోజు కాలు దానంతట అదే లేచింది. ఇక ఆగలేదు. నిలబడి గోకాడు, కూర్చుని గోకాడు, గటక తింటూ మధ్యలో మూతి తీసి గోకాడు. ఒళ్ళంతా పుళ్ళు పడ్డాయి. నిగనిగలాడే బొచ్చు అట్టలు కట్టింది.

ఇది చూసి ఈదమ్మ, ఏమైందిరా అని దగ్గరికొచ్చింది. వాడు ఎప్పటిలాగే రెండడుగులు వెనక్కి వేశాడు. చెప్పడానికీ లేదు. చుట్టాల వల్ల ఇబ్బందని ఇంకొకరి చెవిన వేయకూడదు కదా! వెర్రి కుక్క, నోరు మూసుకుని పక్కకి పోయి మళ్ళీ గోక్కున్నాడు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం గొర్రెలన్నీ తుమ్మచెట్ల కింద నీడకి చేరాయి. తోడేలు పొదల చాటున పొట్ట నేలకానించి పాక్కుంటూ వచ్చింది. ఎర్రోడు దాన్ని చూడాల్సింది. చూడలేదు. అప్పుడు వాడు తల వెనక్కి తిప్పి, తోక మొదట్లో ఉన్న అల్లుళ్ళ సంగతి చూస్తున్నాడు. తోడేలు వచ్చి ఒక గొర్రెపిల్ల కాలు పట్టేసింది.

ఈదమ్మ చూడబట్టి సరిపోయింది. చేతిలో గటక కెలికే తెడ్డు ఉంది, విసిరింది. అది సరిగ్గా తోడేలు ముక్కు మీద పడింది. తోడేలు గొర్రెపిల్లని వదిలేసి, ముక్కు నాకుతూ పారిపోయింది. గొర్రెపిల్ల బతికింది, కుంటుతూ నడిచింది. కానీ గట్టయ్య మొహం మాడిపోయింది.

ఇంకో తొమ్మిది రోజుల్లో, అమాసనాడు, మంద కదలాలి. గుట్టల మధ్య కనుమ దాటి అవతలి వాగు ఒడ్డుకి పోతే తప్ప ఎండాకాలం గొర్రెలకి పచ్చిక లేదు. ఆ కనుమలో తోడేళ్ళు ఎక్కువ. ఏమరుపాటు పడే కుక్కని నమ్ముకుని అక్కడ అడుగు పెట్టలేరు. ఎర్రోడు వినేలాగే అన్నాడు గట్టయ్య.

"కాపలా కాయని కుక్క మనకెందుకే? దీన్ని ఈడనే ఇడిచిపెట్టి పోదాం."

ఈదమ్మకి ప్రాణం ఉసూరుమంది. అమాస దాకా ఆగు, అప్పటికీ గోకుడు మానకపోతే నీ ఇష్టం, అని మొగుణ్ణి ఎలాగో ఒప్పించింది. ఎర్రోడు ఇదంతా విన్నాడు. పిల్లగా ఉన్నప్పటినుంచి వాడికి తెలిసిందల్లా ఆ మందే, ఆ ముసలివాళ్ళే. అమాసలోగా గోకుడు మానాలి. గోకుడు మానాలంటే చుట్టాలు లేవాలి. లెమ్మనడానికి లేదు. ఇదీ వాడి చిక్కు.

ఆ గుట్టల్లో ఒక నక్క వైద్యం చేసేది. ఎర్రోడు దాని దగ్గరికి పోయి, ఒంట్లో కాస్త దురదగా ఉంది, అని మాత్రం చెప్పాడు. నక్కకి ఆ మాత్రం చాలు. కళ్ళు చికిలించి చూసి, నాడి పట్టుకుని, అబ్బో, ముదిరిపోయింది, అని పెదవి విరిచింది. తర్వాత గుహలోకి వెళ్ళి రంగుదారాలు చుట్టిన సొరకాయ బుర్రొకటి తెచ్చింది. అందులో రాచతైలం ఉందట. తోక మీద ఒక్క చుక్క వేస్తే చాలు, ఏడాదిపాటు ఒంటి మీద పురుగు వాలదట. ఖరీదు ఒక గొర్రెపిల్ల. పైగా లేతది కావాలట.

గొర్రెలు నావి కావు, అన్నాడు ఎర్రోడు.

"గొర్రెలు నీవి కాకపోవచ్చు, దురద నీదే కదా?" అంది నక్క.

ఎర్రోడు ఒక్క క్షణం ఆ బుర్ర వంక చూశాడు. నిజం చెప్పాలి కదా, చూశాడు. వెంటనే తల దించుకుని వెనక్కి తిరిగాడు. ఊరికే వచ్చే మందు పని చెయ్యదు నాయనా, మళ్ళీ నా దగ్గరికే వస్తావు, అని నక్క వెనకనుంచి అరిచింది. ఆ బుర్రలో ఉన్నది వాగు నీళ్ళని తర్వాత తెలిసిందిలే. డాబుకి ధర ఎక్కువ.

దారిలో వేపచెట్టుంది. మంచి మనసున్న చెట్టు. నా దగ్గర ఏ ఖరీదూ లేదు, ఎన్ని ఆకులు కావాలంటే అన్ని తీసుకో, మెత్తగా నూరి ఒంటికి పట్టించు, అంది. ఎర్రోడు నోటినిండా ఆకులు కరుచుకుని సంతోషంగా నాలుగడుగులు వేశాడు. అప్పుడు గుర్తొచ్చింది, నూరడానికి చేతులు లేవని. నాలుగు కాళ్ళున్నాయి కానీ వాటితో పొత్రం తిప్పలేడు కదా! నోరు చేదెక్కిపోయింది, అది మాత్రం దక్కింది. పోనీ అని రాలిన ఆకుల మీద పడి దొర్లాడు. పిల్ల పిడుదులు నాలుగు ఘాటు తట్టుకోలేక దిగిపోయాయి. పెద్దవి మాత్రం, పక్క బాగా పరిచావు నాయనా, అని మెచ్చుకున్నాయి.

ఇక కాకి. నేను ఊరికే ఏరిపెడతాను రా, అంది. మూడు పిడుదుల్ని బాగానే ఏరింది. నాలుగోసారి పుండు మీద పొడిచింది. ఎర్రోడు కుయ్యిమన్నాడు. కాకికి పిడుదుకీ పుండుకీ తేడా తెలియదు, పైగా పని మధ్యలో వాడి గిన్నెలో గటకంతా తినేసింది. ఊరికే అయినా ఈ వైద్యం వద్దులెమ్మని ఎర్రోడు దణ్ణం పెట్టాడు.

రోజులు ఎవరికోసం ఆగుతాయి? అమాస రానే వచ్చింది. పొద్దున్నే గట్టయ్య గొంగళి భుజాన వేసుకున్నాడు. ఈదమ్మ కుండలూ చట్టీ మూట కట్టింది. ఎర్రోడు గోకకుండా బిగబట్టుకుని నిలబడ్డాడు. గట్టయ్య మంద చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు ఆగలేక ఆగలేక ఒక్కసారి గోకాడు. ఆ ఒక్కసారే గట్టయ్య కంట పడింది. ఆయన కర్ర నేలకి తాటించి మందని కదిలించాడు.

ఈదమ్మ కుండ అడుగున మిగిలిన గటకంతా పొయ్యి పక్కన ఆకులో పెట్టింది. కళ్ళు తుడుచుకుంది.

"రావొద్దు బిడ్డా. ఈడనే ఉండు. ఊళ్ళోవాళ్ళు ఎవరన్న ఇంత పెడ్తరు," అంది.

ఉండమంటే ఉండాలి. ఎర్రోడు కదలలేదు. మంద లేపిన దుమ్ము మళ్ళు దాటింది, చింతతోపు దాటింది, గుట్ట మలుపు దగ్గర కనబడకుండా పోయింది. అప్పటిదాకా వాడు తోక ఊపుతూనే ఉన్నాడు. తర్వాత ఏడ్చాడు. కుక్కలు ఏడవవని ఎవరన్నారు?

గటక ముట్టలేదు. అక్కడ ఈదమ్మ తాలూకు వాసన ఉన్నది ఒక్క పొయ్యి దగ్గరే. ఆ మూడు రాళ్ళూ ఆవిడ చేత్తో పెట్టినవి. బూడిదంటే అసహ్యమన్న సంగతి కూడా మర్చిపోయి, ఎర్రోడు పోయి ఆ రాళ్ళ మధ్య ముడుచుకుని పడుకున్నాడు. బూడిద ఇంకా గోరువెచ్చగా ఉంది.

బూడిద ఉలిక్కిపడి లేచింది. ఎవర్రా అది, చెప్పా పెట్టకుండా మీద పడ్డావు, అని కసిరింది. పాపం, దానికీ అలవాటు లేదు. అంట్లు తోముకోవడానికి తప్ప దాని దగ్గరికి ఎవరూ రారు. వచ్చినవాడు ఎర్రోడని తెలిసి ఇంకా ఆశ్చర్యపోయింది. వాడి కన్నీళ్ళు మీద పడి తడిసేసరికి కోపం పోయి, ఏమైంది బాబూ, అని అడిగింది.

ఎర్రోడు నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. చుట్టాల మీద చెప్పకూడదు.

"నువ్వు చెప్పకులే. వాళ్ళే చెప్తున్నారు," అంది బూడిద.

నిజమే. వీపు మీద గోల మొదలైంది. చెల్లెలు దగ్గుతోంది. అల్లుళ్ళు తుమ్ముతున్నారు. గెంతే పురుగులు గెంతితే కాళ్ళు బూడిదలో కూరుకుపోతున్నాయి. మెత్తటి బూడిద సందుసందుల్లోకి దూరి వాళ్ళ ఒంట్లో తడంతా పీల్చేస్తోంది. నాయనా లే, ఊపిరాడటం లేదు, లేచి పక్క మార్చు, అని అందరూ ఒక్కసారిగా కేకలు పెట్టారు.

బూడిద నెమ్మదిగా అడిగింది, ఈదమ్మ పొద్దున్నే లేచి గొంగళిని ఏం చేస్తుందని. రెండు కొసలూ పట్టుకుని దులుపుతుంది, అన్నాడు ఎర్రోడు. అప్పుడు దాని మీద ఉన్న చీమల్ని, పేడపురుగుల్ని లెమ్మంటుందా అని అడిగింది. అనదు, అన్నాడు. మరి అవేమవుతాయి? ఎర్రోడు ఆలోచించాడు. రోజూ చూసేదే, ఎప్పుడూ ఆలోచించలేదు.

"లెమ్మనేది వాళ్ళని కాదురా వెర్రివాడా. లేవాల్సింది నువ్వు," అంది బూడిద.

ఎర్రోడు బూడిదలో ఇటు దొర్లాడు, అటు దొర్లాడు, వెల్లకిలా పడి నాలుగు కాళ్ళూ పైకెత్తి వీపు రాశాడు. తర్వాత లేచి నిలబడి, నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి, ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక కొసదాకా ఒళ్ళు దులిపాడు. గొంగళి దులిపినట్టే పటపటమని శబ్దమొచ్చింది. చెల్లెలు, కూతుళ్ళు, అల్లుళ్ళు, వియ్యాలవారు, పురిటివాళ్ళు, పిల్లలు, గెంతేవాళ్ళు, అందరూ చింతగింజలు రాలినట్టు రాలిపోయారు. మళ్ళీ దొర్లి మళ్ళీ దులిపాడు. మూడోసారికి ఒళ్ళు తేలికైపోయింది. ఎన్ని రోజులైందో అలా ఉండి!

అందరూ పోయారనుకున్నాడు ఎర్రోడు, పిడుదవ్వ తప్ప. ఆవిడ ఎడమ చెవి అంచు పట్టుకుని వేలాడుతోంది. ఇన్నాళ్ళూ నీ ఉప్పు తిన్నాను నాయనా, పోయేముందు చెవిలో ఒక్క మాట చెప్పి పోతాను, అంది. ఒక్క మాటే కదా, కాదంటే ఏం బాగుంటుంది? చెప్పవ్వా, అన్నాడు. పిడుదవ్వ చెవిలోకి దూరింది.

ఈలోగా గుట్ట మలుపు అవతలనుంచి గొర్రెల అరుపులు వినబడ్డాయి. మామూలు అరుపులు కావవి. ఉండమన్న మాట ఎర్రోడు ఆ ఒక్కసారీ దాటాడు. మళ్ళు, చింతతోపు, గుట్ట మలుపు, ఎలా దాటాడో వాడికే తెలియదు.

కనుమలో తోడేలు అన్నదమ్ములిద్దర్ని వెంటేసుకుని వచ్చింది. ముక్కు మీద తెడ్డు దెబ్బ ఇంకా మానలేదు, ఆ కసి ఉంది. గట్టయ్య కర్ర తిప్పుతున్నాడు. ఒక పక్క కాస్తే ఇంకో పక్కనుంచి వస్తున్నాయి. ముసలాయన ఆయాసపడుతున్నాడు. సరిగ్గా అప్పుడు దుమ్ములోంచి తెల్లటి ఆకారమొకటి ఊడిపడింది. కాళ్ళున్నాయి, పళ్ళున్నాయి, రంగు మాత్రం శ్మశానం రంగు. అడుగడుక్కీ ఒంటినుంచి పొగ లేస్తోంది. తోడేలు తమ్ముడికి మొదట్నుంచీ దయ్యాలంటే భయం. తోక ముడిచి వాడు ముందు పరుగెత్తాడు, వాణ్ణి చూసి రెండోవాడు పరుగెత్తాడు. పెద్ద తోడేలు కాస్త నిలబడింది. ఎర్రోడు దాని పిర్ర పట్టుకుని గుట్ట సగం దాకా సాగనంపి వచ్చాడు.

గట్టయ్య కర్ర మీద ఒరిగి ఊపిరి పీల్చుకుంటూ, ఎవరి కుక్కనే ఇది, ఎంత పని చేసింది, అన్నాడు. ఈదమ్మ దగ్గరికి వెళ్ళి, కొంగు కొస ఉమ్మితో తడిపి, ఆ కుక్క మొహం తుడిచింది. తుడిచినంత మేరా ఎర్రగా బయటపడింది.

ఈసారి ఎర్రోడు వెనక్కి అడుగు వేయలేదు. ఆవిడ చెయ్యి తల మీద పడింది. పుట్టాక మొదటిసారి. వాడి కళ్ళు వాటంతట అవే మూసుకుపోయాయి. చెయ్యి మెల్లగా చెవి మీదికి వచ్చింది, అక్కడ ఆగిపోయింది. చెవి మడత తిప్పి చూస్తే లోపల ఒక పిడుదు, దాని పక్కన దాక్కున్నవి ఇంకో ఏడో ఎనిమిదో ఉన్నాయి. వేళ్ళకి మెడ మీది పుళ్ళు తగిలాయి. ఆవిడకి అంతా అర్థమైంది. నోరుండీ చెప్పలేదేమిరా అని వాణ్ణి తిడుతూ, ఏడుస్తూ, ఒక్కొక్కదాన్నీ గోళ్ళతో పట్టి లాగేసింది.

గట్టయ్య పక్కనే చతికిలబడ్డాడు. ఆయన మీసాలు కిందికి వాలిపోయాయి.

"గోకుతున్నవని తిట్టిన. ఎందుకు గోకుతున్నవో ముట్టి చూడలే," అన్నాడు.

ఆ తర్వాత మందెక్కడ ఆగితే అక్కడ, వంటైపోయి పొయ్యి చల్లారాక, ఈదమ్మ ఎర్రోణ్ణి పిలిచి బూడిదలో పడుకోమనేది. వాడికి లేని చేతులు ఆవిడకున్నాయి కదా, వేపాకు నూరి పుళ్ళకి పట్టించేది. దారిలో దొరికిన కానుగ కాయల నూనె తీసి చెవుల పైన రాసేది. బూడిద పొయ్యిది, ఆకు చెట్టుది, కాయ అడవిది. గొర్రెపిల్లలు ఒక్కటీ తగ్గకుండా మందలోనే ఉన్నాయి. నెల తిరిగేసరికి ఎర్రోడి బొచ్చు మళ్ళీ నిగనిగలాడింది.

పిడుదవ్వ సంగతేమిటంటారా? ఆవిడ గట్టిపిండం. ఎన్నిసార్లు లాగి పారేసినా, అయ్యో, అసలు మాట చెప్పనేలేదు నాయనా, అంటూ ఎవరో ఒక మనవరాలిని వెంటబెట్టుకుని మళ్ళీ చెవిలోకే వస్తుంది. ఒళ్ళయితే బూడిదలో దొర్లి దులుపుకోవచ్చు. చెవి లోపలికి బూడిద పోదు, కుక్క నాలుక చేరదు, దాని కాలు వెళ్ళినా గీరడం తప్ప ఏరడం రాదు. అక్కడికి వెళ్ళగలిగింది మనిషి చెయ్యి ఒక్కటే.

అప్పటినుంచే కుక్క చల్లారిన పొయ్యి కనబడితే బూడిదలో ముడుచుకుని పడుకుంటుంది, లేవగానే ఒళ్ళంతా గొంగళిలా దులుపుతుంది. అప్పటినుంచే మన దగ్గరికి వచ్చి, మోకాలి మీద తల పెట్టి, కళ్ళు మూసుకుని, చెవి మన చేతికి అప్పగించి ఊరుకుంటుంది.